పలక, పలుపు, వాన లెక్క

ఆదివారం రాత్రి, బెంగళూరు మారతహళ్ళి.

మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. నాలుగు కాకముందే రోడ్డంతా నీళ్లు. పీజీ హాస్టల్ కింద భోజనాల హాల్లో ఎప్పటిలాగే ఐదుగురు ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చున్నారు. నా దగ్గర పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టి వీళ్లకిది ఆరో వారం. బీకాం చదివిన పలాస అమ్మాయి వచ్చీ రాగానే అడిగింది: "అక్కా, కొందరికి కోడింగ్ పుట్టుకతోనే వస్తుందంటారు కదా. నాకా బుర్ర లేదేమో. మానేయనా?"

అలాంటిదేం లేదమ్మా అని వీపు తట్టి పంపేయాల్సిన ప్రశ్న కాదది. మనిషికీ మనిషికీ తేడాలుంటాయి. ఏ తేడా, ఎంత, దాన్ని దేనితో పూడ్చుకోవచ్చు అన్నది తేల్చుకోవాలి. ఇవాళంతా దాని మీదే గడిచింది.

ముందు అందరికీ తలో కాగితం. మూడే లైన్లు: ఎ = 10. బి = 20. ఎ = బి. చివరికి ఎ ఎంత, బి ఎంత? ల్యాప్‌టాప్ ముట్టుకోకూడదు. ముగ్గురు రెండూ 20 అని రాశారు. ఒకబ్బాయి ఎ 20, బి 10 అన్నాడు, రెండూ తారుమారవుతాయని. పలాస అమ్మాయి ఎ 20, బి 0 అని రాసింది.

ఈ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లోని మిడిల్‌సెక్స్ యూనివర్సిటీలో సయీద్ దెహ్నాదీ, రిచర్డ్ బోర్నాట్ ఇలాంటి ప్రశ్నలతోనే ఒక పరీక్ష తయారుచేశారు. ప్రోగ్రామింగ్ వచ్చేదెవరికో రానిదెవరికో పాఠం మొదలవకముందే చెప్పొచ్చని 2006లో రాశారు. క్లాసు మార్కులు ఒంటె మూపురాల్లా రెండు గుట్టలుగా, వచ్చినవాళ్లు ఒకవైపు రానివాళ్లు ఒకవైపు, పడతాయన్న పోలిక అక్కడిదే. 2014లో బోర్నాట్ స్వయంగా ఆ వాదనని వెనక్కి తీసుకున్నాడు. 2016లో కెనడా పరిశోధకులు ఒక యూనివర్సిటీలో 778 కోర్సుల మార్కులు తిరగేస్తే, ఒకటికి మించి గుట్టలు కనిపించినవి 5.8 శాతమే. మొదటి మాట మాత్రం ఇంకా జనం నోళ్లలో తిరుగుతూనే ఉంది. దాన్ని నమ్మి ఆరో వారంలో మానేసేవాళ్లని తలుచుకుంటే బాధేస్తుంది.

జల్లెడగా ఆ పరీక్ష పనికిరాకపోయినా, ప్రశ్న మాత్రం చాలా మంచిది. ఎవరి బుర్రలో ఏ బొమ్మ ఉందో బయటపెడుతుంది. ఎ, బి లాంటి, విలువ దాచుకునే పేర్లని వేరియబుల్ అంటారు. బి 0 ఎందుకైందని అడిగితే, "వేరియబుల్ అంటే గిన్నె అని వీడియోలో చెప్పారక్కా. ఈ గిన్నెలోది ఆ గిన్నెలో పోస్తే ఇది ఖాళీయే కదా" అంది. తర్కంలో ఎక్కడా తప్పు లేదు. తప్పంతా గిన్నెది.

గిన్నె తీసేసి పలక పెట్టాం. ఎ అని ఒక పలక, బి అని ఒక పలక. ఎ = బి అంటే, బి పలక మీదున్నది చూసి, ఎ పలక తుడిచి, అదే అంకె దాని మీద రాయడం. బి పలక జోలికి ఎవరూ పోలేదు. అర నిమిషం ఆగి, "అయితే రెండూ తారుమారు చెయ్యాలంటే మూడో పలక కావాలి కదక్కా, లేకపోతే ఎ మీదున్న 10 పోతుంది" అంది. అదింకా ఎవరూ చెప్పని పాఠం. పైథాన్‌లో ఎ, బి = బి, ఎ అని ఒక్క లైన్లో అయిపోతుంది గానీ, మూడో పలక అర్థమయ్యాకే అది చూపించడం మంచిది.

లెక్కలు బాగా వచ్చినవాళ్లకి ఇక్కడే ఇంకో చిక్కు. ఎన్ = ఎన్ + 1 చూడగానే అసాధ్యం అంటారు. సమీకరణంగా చూస్తే అసాధ్యమే. ఇక్కడ అది సమీకరణం కాదు, ఆజ్ఞ: కుడివైపు లెక్క ముందు తేల్చు, తర్వాత ఎడమవైపు పలక తుడిచి రాయి. లిస్టుల దగ్గరికి, అంటే ఒకే పేరు కింద వరసగా పెట్టుకున్న విలువల దగ్గరికి, వచ్చేసరికి పలక కూడా చాలదు. ఎ ఒక లిస్టయితే, బి = ఎ అన్నాక బి లో ఒకటి చేరిస్తే ఎ లోనూ కనిపిస్తుంది. ఒకే గేదెకి రెండు పలుపులు కట్టినట్టు. ఏ పలుపు లాగినా కదిలేది ఆ గేదే.

బుర్ర సంగతికి వస్తే, 2020లో సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు పైథాన్ నేర్చుకుంటున్న 36 మందిని పరీక్షించారు. వాళ్ల మధ్య తేడాల్లో 34 శాతం దాకా తర్కశక్తి, ఒకేసారి నాలుగు విషయాలు మనసులో పట్టుకునే శక్తి కలిసి వివరించాయి. కొత్త భాష పట్టుకునే నేర్పు 17 శాతం. లెక్కల నేర్పు 2 శాతమే. 36 మందితో చేసినదాన్ని శాసనంలా పట్టుకోకూడదు గానీ, "లెక్కల్లో వీక్ కాబట్టి కోడింగ్ రాదు" అని ముందే చేతులెత్తేసేవాళ్లకి ఆ 2 శాతం చూపించాలి. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, ఇక్కడ కూరగాయల బండి దగ్గర కన్నడ మాట్లాడుతున్న పిల్లలు వీళ్లు, కొత్త భాష పట్టుకోవడం వీళ్లకి కొత్తేం కాదు. ఇక మనసులో పట్టుకోవడం తక్కువైతే దానికి కాగితం ఉంది. పైన వేరియబుల్ పేర్లు, కింద ఒక్కో లైనుకీ ఒక్కో వరస, విలువ మారినప్పుడల్లా కొట్టేసి కొత్తది రాయడం. అలా గీసుకున్నవాళ్లకీ మనసులోనే చేసేవాళ్లకీ మొదటి ఏడాదిలో నాకైతే పెద్ద తేడా కనిపించదు.

బయట కుండపోతగా కురుస్తోంది కాబట్టి వాన లెక్కే ఇచ్చాను. 1980ల్లో ఎలియట్ సోలొవే వల్ల పేరుపడ్డ లెక్క ఇది. రోజువారీ వాన మిల్లీమీటర్లలో ఒక్కొక్కటే ఇస్తూ పోతాం, 99999 కొడితే ఆగాలి, సగటు చెప్పాలి. మైనస్ అంకెలు వస్తే వదిలేయాలి. 10, 0, మైనస్ 5, 20, 99999 ఇస్తే జవాబు 10 రావాలి.

ఒకరికి 25007.25 వచ్చింది. ఆగమనే గుర్తుని కూడా వానలో కలిపేశారు: ముందు కూడి, తర్వాత 99999 అవునా అని చూశారు. ఒకరికి 6.25, మైనస్ 5 కూడా లెక్కలోకి వచ్చింది. ఒకరికి 15: సున్నా కంటే ఎక్కువైతేనే లెక్కించమన్నారు, వాన పడని రోజు రోజే కాకుండా పోయింది. ఇంకొకరి ప్రోగ్రాం ఆగనే లేదు. ఇన్‌పుట్, అంటే మనం కొట్టింది, ఎప్పుడూ అక్షరాలుగానే వస్తుంది. కూడేటప్పుడు ఇంట్‌గా, అంటే అంకెగా, మార్చారు గానీ, పోల్చేటప్పుడు మార్చలేదు. అక్షరాల 99999, అంకె 99999 పైథాన్ దృష్టిలో వేరువేరు.

తప్పు రాగానే అందరూ చేసే పని ఒకటే: ఏదో ఒకటి మార్చి మళ్లీ రన్ కొట్టడం. కష్టపడుతున్నట్టే ఉంటుంది, గంట గడిచిపోతుంది, ఏమీ మిగలదు. ఇవాళ పెట్టిన నియమం ఇది. రన్ కొట్టేముందు ఏం వస్తుందో పెన్నుతో రాయాలి. వేరేది వస్తే, కాగితం మీది వరసలూ ప్రోగ్రామూ ఏ లైను దగ్గర విడిపోయాయో దొరికేదాకా కోడ్ ముట్టుకోకూడదు. దొరక్కపోతే లూప్ (మళ్లీ మళ్లీ నడిచే లైన్లు) లోపల ఒక ప్రింట్ పెట్టి, ప్రతి చుట్టులో మొత్తం ఎంత, రోజులెన్ని అని చూడాలి. దొరికాక నోటుబుక్కులో మూడు ముక్కలు: ఏమనుకున్నాను, ఏమైంది, ఎందుకు. మర్నాడు పాత ఫైలు తెరవకుండా ఖాళీ ఫైల్లో మొదటినుంచి రాయాలి. చాట్‌జీపీటీ రాసిన కోడుకీ ఇదే నియమం. చదవగానే అర్థమైనట్టుంటుంది, ఖాళీ ఫైలు ముందు కూర్చున్నప్పుడే తెలుస్తుంది. ఇలా రోజూ నలభై నిమిషాలు, ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చోవడం కంటే ఎంతో నయం.

ఆ 25007.25 పలాస అమ్మాయిదే. ఇరవై నిమిషాలు కాగితం మీద గీసింది. నాలుగో వరసలో 30 పక్కన 100029 రాసి, "ఇక్కడక్కా" అంది. చెక్ చేసే లైను పైకి జరిపింది. 10.0 వచ్చింది.

వాన తగ్గాక లేవబోతుంటే ఒంగోలు అబ్బాయి మొదటే 99999 కొట్టాడు. రోజులే సున్నా కాబట్టి సున్నాతో భాగహారం అని ఎర్రర్. "అయితే 0 అని ప్రింట్ చేసేద్దామా అక్కా?" అన్నాడు. చేసేయొచ్చు. కానీ వాన పడలేదనడం వేరు, అసలు కొలవలేదనడం వేరు. ఏది చెప్పాలో పైథాన్‌కి తెలియదు, రాసేవాళ్లే తేల్చాలి. వచ్చే ఆదివారానికి ఐదుగురూ ఆలోచించుకుని రావాలి.