రెండో సంతకం

ఐసీయూలో నర్సుగా పనిచేసేవాళ్లకి మార్ఫిన్ రిజిస్టర్ గురించి చెప్పక్కర్లేదు. మార్ఫిన్ అంటే తీవ్రమైన నొప్పికి ఇచ్చే, వ్యసనంగా మారే ప్రమాదమున్న మందు. దాని ప్రతి చుక్కకీ లెక్క రాసే పుస్తకమే ఆ రిజిస్టర్. ఆంప్యూల్‌లో, అంటే మందుండే చిన్న గాజు సీసాలో, 10 మిల్లీగ్రాములు ఉంటే, డాక్టర్ 6 రాశారనుకోండి, మిగతా 4 పారబోసేటప్పుడు పక్కన ఇంకొకరు నిలబడి చూడాలి. ఎంత వాడాం, ఎంత పారబోశాం, స్టాక్ ఎంత ఉంది అన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. లెక్కలో ఒక్కటి తగ్గినా, డ్యూటీ అయిపోయిన వాళ్లు కూడా ఇంటికి కదలరు. అంత టెన్షన్ అది.

నేను దొంగను కాను. డోసు లెక్క నాకు తెలుసు. అయినా రెండో సంతకం కోసం ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగుతాను. ఎందుకు? చట్టం చెప్పింది కాబట్టా, అది సబబని నాకే అనిపించింది కాబట్టా?

తత్వవేత్త రాబర్ట్ పాల్ వుల్ఫ్ 1970లో ఈ తేడా మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. తాను చేసే పనికి తానే బాధ్యుడయిన మనిషి, ఏం చేయాలో తానే ఆలోచించి తేల్చుకోవాలి. రాజ్యమేమో 'నేను చెప్పాను, అందుకే చెయ్' అంటుంది. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవంటాడు. మునిగిపోతున్న ఓడలో కెప్టెన్ మాట వింటాం. వినకపోతే గందరగోళమై జనం చస్తారని మనకి తెలుసు కాబట్టి వింటాం. ఆ నిర్ణయం మనదే, అందుకని దాన్ని ఆజ్ఞాపాలన అనకూడదంటాడు వుల్ఫ్. మొదటిసారి చదివినప్పుడు ఈ వాదనకి జవాబే లేదనిపించింది.

జవాబు చెప్పినవాళ్లలో నాకు బాగా నచ్చింది న్యాయ తత్వవేత్త జోసెఫ్ రాజ్. 1986 నాటి పుస్తకంలో ఆయన చెప్పేది ఇది: నా సొంత లెక్క మీద నడిచేదానికంటే ఒకరి మాట మీద నడిస్తే నేను చేయాల్సింది బాగా చేయగలిగితే, ఆ మేరకు వాళ్లకి నా మీద అధికారం ఉన్నట్టే. అంటే అధికారం మనిషిని బట్టి, విషయాన్ని బట్టి మారుతుంది. మందుల శాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవాడి మీద, మందుల భద్రత విషయంలో ప్రభుత్వానికి అధికారం లేకపోవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇక్కడే నాకు రాజ్‌తో పేచీ. పదిమంది కలిసి నడవాలంటే ఒక ఏర్పాటు కావాలన్న సంగతి ఆయనా రాశాడు, కాదనను. కానీ ఆ ఉదాహరణ చదివితే, తెలిసినవాడికి మినహాయింపు దొరికినట్టే ఉంటుంది. మార్ఫిన్ దగ్గర నాకెంత తెలుసన్నది అసలు ప్రశ్నే కాదు. నా నిజాయితీ నాకు తెలుసు, పక్క వార్డు నర్సుకి తెలియదు, నొప్పితో పడుకున్న పేషెంటుకి అసలే తెలియదు. నా మాట మీద ఆధారపడాల్సిన అవసరం వాళ్లకి లేకుండా చేస్తుంది ఆ రిజిస్టర్. అందుకే ఎంత గొప్ప నిపుణుడైనా సంతకం పెట్టాల్సిందే.

దీనికి రెండో వైపు కూడా రోజూ చూస్తాను. స్పృహలో ఉన్న పెద్దమనిషి, అన్నీ విని, అర్థం చేసుకుని, 'ఈ ట్రీట్‌మెంట్ నాకొద్దమ్మా' అంటారు. ఆయనకంటే నాకు ఎక్కువ తెలుసు. మందు పనిచేస్తుందనీ తెలుసు. అయినా ఆయన చేతిని బలవంతంగా పట్టుకుని సూది గుచ్చే హక్కు నాకు లేదు. కొన్ని విషయాల్లో సరిగ్గా నిర్ణయించడం కంటే తానే నిర్ణయించుకోవడం ముఖ్యమని రాజ్ పెట్టిన షరతు ఆ మంచం పక్కన నిలబడితే బాగా అర్థమవుతుంది. తెలివి ఎక్కువుంటే ఎదుటివాడి మీద అధికారం రాదు, మన మీదున్న అధికారం నుంచి విడుదలా రాదు.

ఇక 'సమ్మతి' వాదం, అంటే మనం ఒప్పుకున్నాం కాబట్టే రాజ్యానికి లోబడాలనే వాదం. రాజ్యంలో రోడ్డు మీద నడిచినా దాని పాలనకి నోటితో చెప్పకపోయినా ఒప్పుకున్నట్టేనని తత్వవేత్త జాన్ లాక్ అన్నాడు. నిద్రలో ఓడ ఎక్కించిన మనిషి, బయట సముద్రంలో దూకితే చావే అయినప్పుడు, ఓడలో ఉండిపోయాడు కాబట్టి కెప్టెన్‌కి ఒప్పుకున్నట్టేనా అని 1748లో మరో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అడిగాడు. నేను హ్యూమ్ పక్షం. 'వద్దు' అనే వీలు లేని సమ్మతిని ఆసుపత్రిలో మేమే ఒప్పుకోం, రాజ్యం ఎలా ఒప్పుకుంటుంది?

కాబట్టి 'చట్టాలన్నిటికీ లోబడాలా?' అని టోకున అడగడమే నాకు సరిగ్గా అనిపించదు. ఏ చట్టం ఏం అడుగుతోందో చూడాలి. అమెరికన్ రచయిత థోరో 1846లో తలపన్ను (తలకింత అని వేసే పన్ను) కట్టనని ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. బానిసత్వాన్ని నిలబెట్టే, మెక్సికో మీద యుద్ధం చేసే ప్రభుత్వానికి తాను తోడు నిలవనన్నాడు. చాలామంది అంతవరకే చెప్పి ఊరుకుంటారు. రోడ్ల పన్ను కట్టనని మాత్రం తానెప్పుడూ అనలేదని ఆయనే రాశాడు. ఇరుగుపొరుగుకి పనికొచ్చేవాడిగా ఉండాలని ఆయనకి అంత పట్టుదల.