తొమ్మిది నెలల తలంటు డైరీ: కుంకుడు రసం, ఐస్ ట్రే, ఒక బిస్కెట్ డబ్బా

జనవరి

జుట్టు కోసం మా ఇంట్లో ఎంత ప్లాస్టిక్ చెత్త పోగవుతోందో చూసి తగ్గిద్దామని, కనుమ వెళ్లిన మర్నాడు బాత్‌రూమ్ తలుపు వెనక ఒక ఖాళీ బిస్కెట్ డబ్బా పెట్టాను. నెల రోజులపాటు జుట్టుకి సంబంధించి ఏం పారేయాలన్నా అందులోనే వేయాలని ఇంట్లో నలుగురికీ చెప్పాను. మా ఆయనకి నవ్వులాట. ఏడో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం ఉద్యోగంలా తీసుకుంది.

నెల తిరిగాక పేపరు పరిచి డబ్బా బోర్లించాం. రూపాయి షాంపూ ప్యాకెట్లు 31. కండిషనర్ ప్యాకెట్లు 9. ఖాళీ కొబ్బరినూనె సీసా ఒకటి. మా ఆయన జుట్టు రంగు ప్యాకెట్, దానితో వచ్చిన చేతి తొడుగులు. తెగిన రబ్బరు బ్యాండ్లు 4, పళ్లు ఊడిన దువ్వెన ఒకటి. అంతా కలిపి కిచెన్ కాటా మీద పెడితే పావుకిలో కూడా తూగలేదు. ఇంతేనా అనిపించింది.

పాత సామాన్లతను వచ్చినప్పుడు గానీ అసలు సంగతి అర్థం కాలేదు. సీసా తీసుకున్నాడు. దువ్వెన కూడా తీసుకున్నాడు. ప్యాకెట్ల వైపు చూసి, "ఇవెవరూ కొనరమ్మా" అన్నాడు. నిజమే, ఆ చిన్న ప్యాకెట్‌లో రెండు మూడు రకాల పొరలు ఒకదానికొకటి అతికించి ఉంటాయి, లోపల వెండిరంగు పూత. వాటిని విడదీసే ఖర్చుకి వచ్చేదేమీ ఉండదు. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల్లో స్ట్రాలు, ఇయర్ బడ్స్ పుల్లలు ఉన్నాయి గానీ షాంపూ ప్యాకెట్ లేదు. కాబట్టి నా మొదటి గురి ఆ 31 మీదే.

నా జుట్టు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కింద రాసే కొలతలు ఎవరికీ పనికిరావు. నడుం దాకా ఉంటుంది, సన్నటి వెంట్రుక, మాడు త్వరగా జిడ్డెక్కుతుంది. వారానికి రెండుసార్లు తలస్నానం. ఉండేది హైదరాబాద్‌లో ఫ్లాట్, వాడేది బోరు నీళ్లు. కుళాయి చుట్టూ తెల్లటి పొలుసు కట్టే రకం.

ఫిబ్రవరి

మొదటి తప్పు: శీకాయ పొడి. ముద్దలా కలిపి తలకి పట్టించాను. మూడు బకెట్ల నీళ్లు పోసుకున్నా పొడి పూర్తిగా వదల్లేదు. ఆఫీసులో నల్ల చుడీదార్ భుజాల మీద గోధుమరంగు రవ్వలు. పక్క సీటు ఆవిడ "చుండ్రుకి మంచి డాక్టరుందండీ" అని నంబరిచ్చింది.

రెండో తప్పు: చేత్తో చేసిన షాంపూ సబ్బు. కాగితంలో చుట్టి ఇస్తారు, ప్లాస్టిక్ లేదు, వాసన బాగుంది. నాలుగు స్నానాలకి జుట్టు మైనం పూసినట్టు అయింది. దువ్వెన పళ్ల మధ్య తెల్లటి జిగురు. దానికి కారణం సబ్బు కాదు, మా నీళ్లు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అసలైన సబ్బుతో కలిస్తే నీళ్లలో కరగని మడ్డి అవుతుంది. బకెట్‌కి అంచున కట్టేదీ, జుట్టుకి పట్టేదీ అదే. చివర్లో ఒక మగ్గు నీళ్లలో అర నిమ్మకాయ పిండి పోసుకుంటే చాలావరకు వదిలింది. మంచినీటి పైపు ఉన్న మా చెల్లెలింట్లో అదే సబ్బు హాయిగా పనిచేస్తోంది. మిగిలిన రెండు బిళ్లలూ దానికే ఇచ్చేశాను.

మార్చి

ఇక కుంకుడుకాయ తప్ప దారి లేదని మా అత్తయ్యని అడిగాను. ఆవిడ నా ముఖం చూసి, "రెండు నెలల్నించీ చూస్తున్నా అమ్మాయ్, ఎప్పుడడుగుతావా అని" అంది.

సూపర్‌మార్కెట్‌లో కుంకుడుకాయలు కూడా ప్లాస్టిక్ కవర్లోనే ఉంటాయి. గుడ్డసంచి తీసుకుని సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి వెళ్లాను. కిలో కుంకుడు, పావు శీకాయ, విడిగా తూచి సంచిలో పోశారు. ఆంధ్రాలో ఉన్నవాళ్లకి గిరిజన సహకార సంస్థ దుకాణాలు ఇంకో దారి. కాయ ఎంచుకునేటప్పుడు తొక్క ముడతలు పడి, కొంచెం జిగటగా, తేనెరంగులో ఉండాలట. పొడిబారి పెళుసుగా ఉంటే పాతది, నురగ రాదు.

నాలుగైదుసార్లు మార్చి మార్చి నాకు కుదిరిన కొలత ఇది. ఒక స్నానానికి కుంకుడుకాయలు 12, శీకాయలు 3, మెంతులు ఒక చెంచా. కాయల్ని రోటిపొత్రంతో ఒక్క దెబ్బ కొట్టి గింజ తీసేయాలి. గట్టిగా కొడితే గింజ సోఫా కిందికి పోతుంది. రాత్రి అర లీటరు నీళ్లలో నానబెట్టి, పొద్దున సన్నటి సెగ మీద పది నిమిషాలు. పొంగుతుంది, పాలకంటే మోసం, పక్కనే ఉండాలి. చల్లారాక చేత్తో బాగా పిసికి పాత పంచె ముక్కలో వడకట్టాలి. ఈ వడకట్టడం దగ్గర బద్ధకిస్తే ఫిబ్రవరి కథ మళ్లీ మొదలు. ఉత్త కుంకుడే అయితే జుట్టు గడ్డిలా అవుతోంది. శీకాయ, మెంతులు పడ్డాక ఆ పెళుసుదనం తగ్గింది.

నురగ షాంపూలా బుసబుసా రాదు. రాలేదని ఇంకా ఇంకా పోసుకోవడం నేను చేసిన మూడో తప్పు. మాడు మీద వేళ్లు పెట్టి రుద్దితే కిర్రుమంటే చాలు, జిడ్డు వదిలినట్టే.

కళ్ల సంగతి వేరే చెప్పాలా? చిన్నప్పుడు ఆదివారాలు ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చింది. అప్పుడు అమ్మ పోసేది కాబట్టి కళ్లు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. ఇప్పుడు మన తల మనమే రుద్దుకుంటూ మగ్గు ఎక్కడుందో తడుముకోవాలి. తల వెనక్కి వంచి, నుదుటికి తుండు ముక్క కట్టుకోవడం మా అత్తయ్య చెప్పిన ఉపాయం. మొదటిరోజు రెండు కళ్లూ చింతనిప్పులు. "రాత్రంతా సినిమాయా?" అని బాసు.

ఏప్రిల్

ఇక్కడ ఆగిపోయేదాన్నే. నానబెట్టడం, ఉడకబెట్టడం, పిసకడం, వడకట్టడం, గిన్నెలు కడగడం, అన్నీ కలిపి 50 నిమిషాలు. గురువారం పొద్దున ఏడున్నర బస్సు పట్టుకునేదానికి అంత వ్యవధి ఎక్కడిది? ఈ పద్ధతి పుట్టింది తీరిగ్గా తలంటు పోసే మనిషి ఇంకొకరు ఉన్న ఇంట్లో. ఆ మనిషి లేనప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే రెండు వారాల్లో రూపాయి ప్యాకెట్ మళ్లీ చేతిలోకి వస్తుంది. నాకు వచ్చింది కూడా. ఏప్రిల్ మొదటి వారం, రెండు ప్యాకెట్లు. డబ్బాలో వేశాను, దాచలేదు.

ముందే చేసి పెట్టుకుందామంటే రసం నిలవ ఉండదు. బయట పెడితే వేసవిలో రెండో రోజుకే పులుపు వాసన. ఫ్రిజ్‌లో అయిదారు రోజులు. అప్పుడు ఐస్ ట్రే గుర్తొచ్చింది. ఆదివారం ఒక్కసారే 60 కాయల రసం చిక్కగా తీసి ట్రేల్లో పోసి గడ్డ కట్టించి, ముక్కల్ని మూత ఉన్న స్టీలు డబ్బాలోకి మారుస్తున్నాను. తలస్నానం రోజు పది ముక్కలు మగ్గులో వేసి మీద వేణ్నీళ్లు పోస్తే రెండు నిమిషాల్లో రసం తయారు. మా అమ్మాయి బాబ్డ్ హెయిర్‌కి నాలుగు ముక్కలు. ఆదివారం గంటన్నర పని, తర్వాత రెండున్నర వారాలు దాని ఊసే ఉండదు.

డబ్బా మీద పేరు రాయకపోవడం వల్ల ఒక అనర్థం జరిగింది. ఉగాది వెళ్లిన వారం మా ఆడపడుచు ఇంటికొస్తే మా ఆయన మర్యాదగా నిమ్మరసం కలిపి ఇచ్చారు, ఐస్ వేసి. ఒక్క గుక్క తాగి ఆవిడ పెట్టిన ముఖం ఈ జన్మకి మరిచిపోలేను. ఇప్పుడు డబ్బా మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో "తాగరాదు" అని ఉంది.

మే

ఈ నెల రాయడానికి మనసొప్పడం లేదు, కానీ ఇది తెలియనివాళ్లు ఇంకా ఉంటారు.

షవర్ మానేసి బకెట్ పెట్టుకున్నాక, టబ్బులో నిలబడి స్నానం చేసి ఆ నీళ్లు మేడ మీద మొక్కలకి పోయడం అలవాటైంది. కరివేపాకు, అరటి బాగానే ఉన్నాయి. ఒక సాయంత్రం కలువ తొట్టిలో నీళ్లు బాగా ఇంకిపోయి కనిపిస్తే, చేతిలో ఉన్న బకెట్ అందులో కుమ్మరించాను. దోమల కోసం వదిలిన గప్పీ చేపలు పద్నాలుగు ఉండేవి. గంటలోపే పైకొచ్చి నోళ్లు తెరుచుకుని తిరిగాయి. పొద్దున మూడు మిగిలాయి.

"కుంకుడు నురగ చెరువులో కలిస్తే చేపలు తేలతాయే, నీకు తెలీదూ?" అంది అత్తయ్య. తెలియదు. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లే చేపల మొప్పల్ని దెబ్బతీస్తాయి, వాటికి ఊపిరి అందదు. ఇలాంటి కాయలు నూరి నీళ్లలో కలిపి చేపలు పట్టే పద్ధతి చాలా చోట్ల ఉందని తర్వాత చదివాను. ఆకునుంచీ కాయనుంచీ వచ్చింది కాబట్టి ఎక్కడ పోసినా పర్లేదనుకున్నాను, ఆ నమ్మకం పోయింది. ఇప్పుడా నీళ్లు మట్టికే, అదీ ఒక రోజు ఈ నీళ్లు, ఒక రోజు మామూలు నీళ్లు. చేపలున్న తొట్టి, చెరువు, కాలవ దరిదాపులకి కూడా పోనివ్వను.

జూన్, జులై

బడి తెరిచారు, పేలు వచ్చాయి. మందు సీసా కొనబోతే అత్తయ్య తన పెట్టెలోంచి చెక్కతో చేసిన పేలదువ్వెన తీసింది, ఈరుపెన అంటుంది. తలంతా కొబ్బరినూనె దట్టించి, పాయలు పాయలుగా తీసి, కుదుళ్ల నుంచి చివరిదాకా దువ్వి, ప్రతి పాయకీ దువ్వెనని తెల్లగుడ్డకి తుడవడం. మూడు రోజులకోసారి, మొత్తం మూడు వారాలు. ఈరు పగిలి పేను బయటికి రావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి మొదటి వారంలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పిల్ల గొడవ చేసింది, కథలు చెప్పించుకుంది, పేలు మాత్రం పోయాయి.

నూనె సంగతి తేలిగ్గా తేలిపోయింది. గానుగ దగ్గరికి రెండు లీటర్ల స్టీలు క్యాను తీసుకెళ్తే అందులోనే పోసిస్తున్నారు. తలకీ వంటకీ అదే.

వేప చెక్క దువ్వెన మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. వానాకాలం బాత్‌రూమ్‌లో వదిలేస్తే బూజు పట్టింది, నీళ్లలో నానబెట్టి కడిగితే పన్ను చీలింది. దాన్ని పొడి బ్రష్‌తో దులిపి, నెలకోసారి నూనె చుక్క రాసి, గాలి తగిలేచోట పెట్టాలి. తడి జుట్టుకి అసలు వాడకూడదు. ఉన్న ప్లాస్టిక్ దువ్వెనని అరిగేదాకా వాడుకోవడమే మేలని ఇప్పుడనిపిస్తోంది.

కండిషనర్ బదులు రేకమందారం ఆకులు. పది ఆకులు నీళ్లలో నలిపితే జారుడుగా జిగురొస్తుంది, వడకట్టి జుట్టు చివర్లకి రాసి అయిదు నిమిషాలాగి కడిగేయడమే. బియ్యం కడిగిన నీళ్లు కూడా చూశాను, మూడు రోజులు పులిసిన వాసనతో తిరిగి మానేశాను.

ఆగస్టు

పాత కాటన్ నైటీ అంచులు రెండంగుళాల పట్టీలుగా కత్తిరించి జడకి కడుతున్నాను. తెగేది లేదు, వెంట్రుక పీకేది లేదు.

వడకట్టగా మిగిలిన పిప్పిని పారేయకుండా మళ్లీ ఒకసారి నీళ్లు పోసి పిసికితే పల్చటి రసం వస్తుంది. వెండి పట్టీలు, పట్టుచీర దానితోనే. పిప్పి కంపోస్టులోకి. నల్లటి గింజలు కుళ్లవు, అందుకని మా అమ్మాయి ఏరి పెట్టుకుని గచ్చకాయలు ఆడుతోంది. అయిదొందల పైనే ఉన్నాయి, ఏం చేస్తుందో చూడాలి.

రాలిన వెంట్రుకలు ఎక్కడ వేయాలన్నది తేలడానికి టైం పట్టింది. కంపోస్టులో వేసినవి మూడు నెలలైనా అలాగే ఉన్నాయి. బాల్కనీలోంచి వదిలితే పావురాల కాళ్లకి చుట్టుకుంటున్నాయి, ఎదురింటి సన్‌షేడ్ మీద ఒకటి కుంటుతూ కనబడింది. మా అమ్మమ్మ చిక్కు వెంట్రుకలు చుట్టి గోడ సందులో దాచేది, సవరాల వాళ్లొస్తే ఇచ్చేది. ఇప్పుడు మా వీధిలో మోపెడ్ మీద మైకు పెట్టుకుని "వెంట్రుకలకు గిన్నెలు" అంటూ ఒకతను తిరుగుతున్నాడు. గుడ్డసంచిలో దాచిన ఏడు నెలల చిక్కు ఇచ్చాను. చిన్న త్రాసులో తూచి, మా అమ్మాయి పొట్టి వెంట్రుకలు పక్కకి తీసేసి, ఒక స్టీలు గరిటె ఇచ్చాడు. మా అత్తయ్య బేరం ఆడి దాన్ని పెద్ద గరిటె చేసింది.

అక్టోబరు

దసరా వెళ్లాక మళ్లీ నెల రోజుల లెక్క. షాంపూ ప్యాకెట్లు 3, ఊరెళ్లినప్పుడు వాడినవి. ఐస్ ముక్కలు రైల్లో తీసుకెళ్లలేం కదా. కండిషనర్ ప్యాకెట్లు, సీసాలు, రబ్బరు బ్యాండ్లు లేవు. జుట్టు రాలడం తగ్గిందా అంటే తగ్గలేదు, పెరగనూ లేదు. మాడు దురద మాత్రం పోయింది.

రంగు ప్యాకెట్ ఒకటి, తొడుగులతో సహా డబ్బాలో అలాగే ఉంది. గోరింటాకు, నీలి ఆకు పొడి విడిగా తూచి ఇచ్చే కొట్టు ఒకటి చూసి వచ్చాను. మా ఆయన తల ఎర్రగా అవుతుందేమోనని భయపడుతున్నారు. ముందు చెవి వెనక ఒక పాయకి పూసి చూపిస్తానన్నాను. "ఆదివారం చూద్దాం" అన్నారు. అది మూడు ఆదివారాల కిందటి మాట.