ఎలుక అడుగుపెట్టని దీవిలో ఒక పొద్దు

దీవి కళ్ల ముందే ఉంది. ఇసుక, కొబ్బరిచెట్లు, వెనక నల్లటి రాతి గుట్ట, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అయినా మా పడవ ఒడ్డుకు పోకుండా నీళ్లలోనే ఆగింది. కాసేపటికి అవతల నుంచి చిన్న పడవ ఒకటి వచ్చి మమ్మల్ని కొద్దికొద్దిమందిగా ఎక్కించుకుంది. బయటి పడవ ఏదీ ఆ ఒడ్డును తాకకూడదట. అందులో దాక్కుని వచ్చిన చూలు ఎలుక ఒక్కటి దిగితే చాలు, నేలమీద గుడ్లు పెట్టే పక్షుల పని అయిపోయినట్టే. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశానికి చెందిన ఈ కజిన్ దీవిలో ఇప్పటివరకు ఎలుకలు చేరలేదు.

పడవ నడిపే అతను వెనక వచ్చే అలను చూసుకుని, ఒక్కసారిగా ఇంజిన్ వేగం పెంచి, పడవను నేరుగా ఇసుక మీదికి ఎక్కించేశాడు. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దిగాక చూస్తే ఇద్దరం నడుం దాకా తడిసిపోయి ఉన్నాం.

సీషెల్స్ వెళ్లేవాళ్లు ఎక్కువగా బీచ్‌ల కోసం వెళ్తారు. మేం విశాఖ వాళ్లం, మాకు సముద్రం కొత్త కాదు. మాహె దీవిలో దిగి, ఫెర్రీలో ప్రాలిన్ దీవి చేరి, అక్టోబరులో ఒక పొద్దున్నే ఈ 27 హెక్టార్ల చిన్న దీవికి వచ్చింది పక్షుల కోసమే. ఇక్కడ రాత్రి బస ఉండదు. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోవాల్సిందే.

చెట్ల నీడలోకి రాగానే దోమలు కమ్ముకున్నాయి. వాటిని తోలుకుంటూ నాలుగడుగులు వేశానో లేదో, "అమ్మా, ఆగు! తొక్కేస్తావ్!" అని అరిచింది మా అమ్మాయి. కిందికి చూస్తే, చెట్టు మొదట్లో వేళ్ల మధ్య తెల్లటి పక్షి ఒకటి కూర్చుని ఉంది. నా కాలికి మూరెడు దూరం కూడా లేదు. పసుపు ముక్కు, కాటుక దిద్దినట్టున్న కన్ను, పొడుగాటి సన్నని తోక ఈకలు. నావైపు చూసింది కానీ కదల్లేదు. దాని పొట్ట కింద బూడిద రంగు నూగుతో పిల్ల ఒకటి ఊపిరి తీసుకోవడం కనిపిస్తోంది. స్థానికులు ఈ పక్షిని పయాన్కె అంటారు. తోకలో గడ్డిపోచ ఉన్నది అని అర్థమట. ఎగిరిపోవాలన్న ఆలోచనే దానికి రాలేదు. పెద్ద జూమ్ లెన్స్ మోసుకొచ్చాను, దాన్ని బ్యాగులోంచి తీసే అవసరమే పడలేదు.

ఇంకాస్త ముందుకెళ్తే ఫెయిరీ టెర్న్ అనే పక్షి. పాల తెలుపు ఒళ్లు, నల్లటి గుండ్రని కళ్లు. ఇది గూడు కట్టదు. వట్టి కొమ్మ మీద, చిన్న గుంట లాంటి చోటు చూసుకుని ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. గాలికి కొమ్మ ఊగుతుంటే గుడ్డు కూడా ఊగుతోంది. చూస్తున్న మాకు టెన్షన్, పక్కనే కూర్చున్న తల్లికి మాత్రం ఏ కంగారూ లేదు. అలా జారిపడే గుడ్ల కోసం కింద నలికిరులు తిరుగుతుంటాయి.

నేను అసలు చూడాలనుకున్నది సీషెల్స్ వార్‌బ్లర్ అనే పిట్టని. పిచ్చుక కంటే చిన్నది, మట్టి రంగు, చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు. 1960లలో ప్రపంచం మొత్తం మీద ఇవి 30 కూడా లేవు. ఆ ఉన్నవన్నీ ఈ దీవిలోనే. అప్పుడిది కొబ్బరి తోట. వీటిని కాపాడడానికే 1968లో పక్షి సంరక్షణ సంస్థ ఒకటి దీవిని కొనేసింది. కొబ్బరి మొక్కలు తీసేసి, ఇక్కడి సొంత చెట్లను పెరగనిచ్చారు. ఆకుల కింద పురుగులు పెరిగాయి, వాటితో పిట్టలూ పెరిగాయి. తర్వాత కొన్నింటిని పట్టుకుని ఇతర దీవుల్లో వదిలారు. ఇప్పుడు ఐదు దీవుల్లో కలిపి వేలల్లో ఉన్నాయి. నాకు కనిపించిన పిట్ట కాలికి రంగురంగుల రింగులున్నాయి. ఆ రంగుల వరసను బట్టి అది ఏ పిట్టో గుర్తుపడతారు. పెద్ద కూతుళ్లు కొన్ని అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయి, తర్వాతి పిల్లలకు మేత పెడతాయని మా గైడ్ చెప్పాడు. మా అమ్మాయి నావైపు చూసి నవ్వింది.

తిరిగి ఒడ్డుకొచ్చేసరికి గైడ్ చెయ్యి పైకెత్తి మమ్మల్ని ఆపాడు. పొద కింద హాక్స్‌బిల్ తాబేలు. మా విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట వస్తాయి. టార్చి వేయడానికి కూడా భయపడుతూ చీకట్లో ఎదురుచూడాలి. ఇక్కడ హాక్స్‌బిల్‌లు పట్టపగలే గుడ్లు పెడతాయి. అందమైన చిప్ప కోసం వీటిని తరతరాలుగా చంపారు. సీషెల్స్‌లో 1994 నుంచి పూర్తి రక్షణ ఉంది.

మేం దాని వెనక, దూరంగా ఇసుకలో కూర్చున్నాం. అప్పటికే గుడ్లు పెట్టేసింది. వెనక కాళ్లతో ఇసుకను గుంటలోకి లాగి, అరచేత్తో అదిమినట్టు మెల్లగా అదుముతోంది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. మధ్యమధ్య ఆగి గట్టిగా ఊపిరి వదులుతోంది. ఆ చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది. కంటి నుంచి చిక్కటి నీరు కారుతోంది. ఒంట్లోని ఉప్పు అలా బయటికి పోతుందని నాకు తెలుసు. అయినా మా అమ్మాయి "నొప్పేమో అమ్మా" అంటే, వెంటనే ఏమీ చెప్పలేకపోయాను.

పడవ టైమ్ అయిందని పిలిచారు. అదింకా ఇసుక కప్పుతూనే ఉంది. దాని జాడ తొక్కకుండా, నీళ్ల అంచున వరసగా నడిచి పడవ ఎక్కాం.