పెద్దవాళ్ల బతుకుకు తేదీలు పట్టుకోవడం

ఇంట్లో అవ్వాతాతల జీవితం రాసిపెట్టాలని కూర్చున్నవాళ్లు ముందు "1948లో మీరేం చేసేవారు?" అని అడుగుతారు. ఆ తరంలో చాలామందికి ఏళ్లు అంకెలుగా గుర్తుండవు. నిజాం ఇలాకావాళ్లయితే, భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన సంగతి పట్టుకుని "పోలీసు యాక్షన్ నాటికి మీకు పెళ్లయిందా?" అని అడగండి. అయిందంటే ఆ పెళ్లి 1948 సెప్టెంబరుకు ముందుదే.

కోస్తాలో అయితే ఉప్పెనను పట్టుకోవాలి. అయితే అది ఏ ఉప్పెనో తేల్చుకోండి. దివిసీమను ముంచింది 1977 నవంబరు 19న. అదే కృష్ణా తీరానికి 1990 మేలో మరో పెద్ద తుఫాను వచ్చింది. ఏళ్లు గడిచాక రెండూ ఒకటిగా కలిసిపోతాయి. చేలో వరి నిలబడి ఉందా, ఎండలు మండుతున్నాయా అని అడిగితే విడిపోతాయి. "అప్పుడు చంకలో ఉన్న బిడ్డ ఎవరు?" అన్నది ఇంకా గట్టి ప్రశ్న. ఆ బిడ్డ వయసుతో సరిచూసుకోవచ్చు.

బడి రికార్డులో జూలై 1 అని ఉంటే అది పుట్టినరోజని నమ్మకండి, చేర్పించిన రోజు అయ్యవారు వేసిన తేదీ అయ్యుండొచ్చు. తెలుగు సంవత్సరం పేరు చెబితే అదృష్టమే. సర్వజిత్తు అంటే 1947. కానీ సంవత్సరం ఉగాదితో మారుతుంది కాబట్టి సర్వజిత్తు మాఘంలో పుట్టినవారిది 1948 అవుతుంది. ఇక్కడే ఎక్కువమంది ఒక ఏడు తప్పుతారు.

నిజాం ఇలాకాలో కూలి ఎంతో చెబితే అది హాలీ సిక్కానా (నిజాం సొంత నాణెం), కల్దారా (బ్రిటిషు ఇండియా రూపాయి) అని అడగాలి. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దారు రూపాయలకు సమానం. "నయాపైసలు వచ్చాక" అన్నారంటే అది 1957 ఏప్రిల్ తర్వాతి మాట. అణాలు మాత్రం జనం నోట్లో చాలా ఏళ్లు నిలిచాయి, కాబట్టి అణా మాట వినగానే 1957కు ముందని రాసేయకండి.

వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు ఒక వరుసలో, మీరు లెక్కగట్టిన తేదీ వేరే వరుసలో రాయండి. రెండూ పొసగకపోయినా వాళ్ల మాట దిద్దొద్దు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు గురించి అడిగితే "నాట్లు వేస్తున్నాం, ఇంకేం తెలీదు" అన్నారా, అదే రాయండి. ఆగస్టులో నాట్లు పడతాయి.