వెంట ఎవరు వచ్చారు?

2023 జూన్‌లో నాలుగు రోజులు విరేచనాలతో బాధపడి కోలుకున్నాను. రెండు వారాల తరువాత ఒక ఉదయం కాలివేళ్లలో తిమ్మిరి మొదలైంది. మరునాడు చెన్నై త్యాగరాయనగర్‌లో నేను పనిచేసే బ్యాంకు శాఖ ముందున్న మూడు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆ మరునాటికి మంచం మీద నుంచి లేవలేకపోయాను.

ఆసుపత్రిలో నరాల వైద్యుడు చిన్న సుత్తితో మోకాలి కింద తట్టి చూస్తే కాలు కదలలేదు. నరాల పరీక్ష, వెన్నునీటి పరీక్ష అయ్యాక గిలాన్-బారే సిండ్రోమ్ అని తేల్చారు. ఏదో ఒక ఇన్ఫెక్షన్ తగ్గిన తరువాత రోగనిరోధక శక్తి గురి తప్పి మన నరాలనే దెబ్బతీయడం వల్ల ఈ జబ్బు వస్తుందనీ, బలహీనత పాదాల నుంచి పైకి పాకుతుందనీ, ఊపిరి తీసే కండరాలకు పాకితే వెంటిలేటరు పెట్టవలసి వస్తుందనీ వివరించారు. ఇదంతా నా మంచం పక్కనే నిలబడి నా భార్యకు చెప్పారు.

కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల లెక్కన ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన రోగనిరోధక ప్రోటీన్ల మందు) ఎక్కించారు. ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలనో నర్సు వచ్చి చూసేది. మొదటి రోజు ముప్పై దాటాను, మూడవ రాత్రి పద్నాలుగు దగ్గర ఆగిపోయాను. ముఖంలో రెండు వైపులా కండరాలు పట్టు తప్పి, కళ్లు పూర్తిగా మూతపడక, మాట ముద్దగా వచ్చేది. అప్పటి నుంచి నన్నెవరూ నేరుగా ఏమీ అడగలేదు. “ఆయనకు నొప్పిగా ఉందా? రాత్రి నిద్ర పట్టిందా?” అని నా భార్యను అడిగేవారు. కాళ్ల నొప్పితో తెల్లవార్లూ మేలుకున్న నేను వింటూ ఉండగానే, పాపం, ఆవిడ “బాగానే పడుకున్నారండీ” అని చెప్పింది. నా కళ్లు మూతలు పడక తెరుచుకునే ఉన్నాయి కాబట్టి, నేను నిద్రపోయానో లేదో ఆవిడకు తెలిసే వీలు లేదు.

ఆ పడకమీదే నాకు మా శాఖకు వచ్చే ఒక ఖాతాదారు గుర్తుకు వచ్చారు. నెల్లూరు నుంచి వచ్చి కోడంబాక్కంలో స్థిరపడిన దర్జీ ఆయన. చిన్నతనంలో వచ్చిన పోలియో వల్ల రెండు కాళ్లూ పనిచేయవు. మా వాచ్‌మన్, ఆ దర్జీ గారి తమ్ముడి కొడుకు కలిసి చక్రాల కుర్చీతో సహా ఆయనను మెట్ల మీదుగా ఎత్తి లోపలికి తెచ్చేవారు. ఆ మోసుకురావడాన్ని మేము మా మంచితనంగా భావించేవాళ్లం. నేను ఫారం ఆ అబ్బాయి చేతికి ఇచ్చి, “పెదనాన్న గారి చేత ఇక్కడ సంతకం చేయించు” అనేవాణ్ణి. పదకొండేళ్లపాటు ప్రతి నెలా వచ్చిన మనిషితో నేను నేరుగా ఎన్ని మాటలు మాట్లాడానో వెతుక్కుంటే, నమస్కారం తప్ప ఏదీ జ్ఞాపకం రాలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పనిచేయలేదు. నలుగురు నన్ను కుర్చీతో సహా రెండవ అంతస్తుకు మోశారు. మెట్ల మలుపులో కుర్చీ వెనక్కి వాలినప్పుడు పట్టుకోవడానికి నా వేళ్లలో బలం లేదు. వాళ్లు ప్రేమగానే మోశారు. నేను మాత్రం ఆ రెండంతస్తులూ కళ్లముందు కనిపించే నేలను చూస్తూ వణికిపోయాను.

తరువాతి నెలలు ఫిజియోథెరపీతో గడిచాయి. అక్టోబరులో మా అమ్మాయి నన్ను మెరీనాకు తీసుకువెళ్లింది. అక్కడ ఇసుక మీద 2022 నవంబరులో ప్రారంభించిన 263 మీటర్ల చెక్కబాట ఉంది. వచ్చిన కొద్ది రోజులకే తుపాను దెబ్బ తిన్నా మళ్లీ బాగుచేశారు. దాని మీద నా చక్రాలను నేనే తిప్పుకుంటూ, నా ఇష్టమైన చోట ఆగి, ఎవరినీ బతిమాలకుండా సముద్రాన్ని చూశాను.

2024 జనవరిలో చేతికర్రతో ఉద్యోగంలో చేరాను. మొదటి వారమే టేపు తెచ్చి మెట్లు కొలిచాను: ఎత్తు ఒకటిన్నర అడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్న ప్రమాణం ప్రకారం పద్దెనిమిది అడుగుల వాలుబాట కావాలి. నగదు పెట్టెల బండి కోసం మేము వేసుకున్న ఇనుప రేకు అందులో మూడో వంతు కూడా లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. దాని మీద వచ్చిన సర్క్యులర్లకు చదివినట్టు సంతకం చేసినవాణ్ణి నేనే.

ఆ దర్జీ గారు వచ్చినప్పుడు మేజా వదిలి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. నా జబ్బు సంగతి చెప్పి, ఇన్నాళ్లూ చేసినదానికి క్షమించమని అడిగాను. ఆయన నా కర్ర వైపు చూసి, “మీకు తగ్గిపోతుంది కదండీ” అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, నిజం ఉంది. నా ఏడు నెలల్లో ప్రతి రోజూ వైద్యులు నాకు కోలుకునే గడువు ఒకటి చూపిస్తూ వచ్చారు. ఆయన యాభై ఏళ్ల బతుకు నాకు అర్థమైందని చెప్పుకునే హక్కు నాకు లేదు.

అందుకే ఏమి కావాలో ఆయననే అడిగాను. వాలుబాట సంగతి ముందుగా చెబుతారనుకున్నాను. “కౌంటరు అద్దం నా తలకన్నా ఎత్తులో ఉంది. నా డబ్బు లెక్కపెట్టడం నాకెప్పుడూ కనబడదు” అన్నారు. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టని విషయం అది. ఆ రోజు నగదును ఆయన ఒళ్లో ఉంచిన పలక మీద, ఆయన ముందే లెక్కించాం.

వాలుబాటకు ఆ ఏడాదే అనుమతి వచ్చింది, కట్టారు కూడా. కౌంటరు తగ్గించమని పైకార్యాలయానికి రాసిన రెండవ ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. మూడవది ఆయన చెబుతుంటే రాశాను, కింద ఆయనే సంతకం చేశారు.