పైపులో పట్టే నీళ్ల లెక్క, జుబైల్ సైటు నుంచి అచ్చంపేట బోరు దాకా

పైపులో ఎన్ని నీళ్లు పడతాయో తేల్చడానికి ఇక్కడ సౌదీలో, జుబైల్ సైట్ల మీద మేం వాడే అడ్డదారి ఒకటుంది. లోపలి వ్యాసం ఎన్ని ఇంచులో చూసి, దాన్ని దాంతోనే గుణించి సగం చేయాలి. వచ్చిందే మీటరు పొడవుకు పట్టే లీటర్లు. 4 ఇంచులకు 8, 6 ఇంచులకు 18, 8 ఇంచులకు 32. బళ్లో చెప్పిన పై ఆర్ స్క్వేరే ఇది, నిజానికి సగం కాదు, 0.507తో గుణించాలి గానీ ఆ తేడా ఎవరిక్కావాలి! ఊరి నుంచి కొత్తగా వచ్చిన హెల్పర్ తమ్ముళ్లు మాత్రం 4 కంటే 8 రెట్టింపు కదా, నీళ్లూ రెట్టింపే అనుకుంటారు. నాలుగింతలు పడతాయని చెబితే నమ్మరు.

ఇంకో తిరకాసు పైపు పేరులోనే ఉంది. 4 ఇంచుల పైపును బయట కొలిస్తే 114.3 మిల్లీమీటర్లు, అంటే నాలుగున్నర ఇంచులు. గోడ మందాన్ని స్కెడ్యూల్ నంబరుతో చెబుతారు, స్కెడ్యూల్ 40 అయితే లోపల 102 చిల్లర. అదే 6 ఇంచుల్లో స్కెడ్యూల్ 80 తీసుకుంటే గోడ మందం పెరిగి మీటరుకు 17 లీటర్లు కూడా పట్టవు.

ఇదంతా హైడ్రో టెస్టు కోసం, అంటే లైను నిండా నీళ్లు నింపి ప్రెషర్ ఎక్కించి లీకులు చూడటం. 300 మీటర్ల 8 ఇంచుల లైను నింపాలంటే 9,600 లీటర్లు, ట్యాంకర్ ముందే చెప్పుకోవాలి. అది మామూలుగా తేలికైన గ్యాస్ పోయే లైనైతే దాదాపు పది టన్నుల నీళ్ల బరువు సపోర్టులు మోస్తాయా అనేది ఇంజినీరు చూసుకుంటాడు. మేం కింది నుంచి నీళ్లు ఎక్కిస్తూ పైన వెంట్, అంటే గాలి పోయే వాల్వు తెరిచి పెడతాం. ముందు ఉత్త గాలి బుస్సుమంటుంది, తర్వాత నీళ్లూ గాలీ కలిసి తుపుక్ తుపుక్ మని చిమ్ముతాయి, చివరికి బుడగ లేకుండా ధార కట్టాకే వెంట్ మూయాలి. లెక్క ప్రకారం పట్టాల్సిన దానికంటే బాగా తక్కువ నీళ్లకే లైను నిండిందంటే ఎక్కడో గాలి ఇరుక్కుందన్న మాటే. ఆ గాలి తీయకుండా ప్రెషర్ ఎక్కించి ఏ జాయింటో ఊడితే నొక్కుకుపోయిన ఆ గాలే మనిషిని కొడుతుంది, ఒట్టి నీళ్లతో అంత ప్రమాదం ఉండదు.

మొన్న నాయిన ఫోన్లో, బోర్ల 300 అడుగుల నీళ్లున్నయిరా, యాసంగికి వరే పెడదాం అన్నాడు. అచ్చంపేట దగ్గర మాది, ఎర్ర చెలక. బోరు ఆరున్నర ఇంచులు. ఇదే లెక్క వేస్తే మీటరుకు 21 లీటర్లు, 300 అడుగులంటే 91 మీటర్లు, మొత్తం కలిపి రెండు వేల లీటర్లు కూడా లేవు! మోటరు నిమిషానికి వంద లీటర్లు పోసినా ఇరవై నిమిషాల పని. అడుగులు చూసి మురిస్తే లాభం లేదు, ఊట ఎంతుందో చూడాలి. అందుకే మోటరు గంట సేపు నడిచినంక 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎంత సేపట్ల నిండుతుందో చూడమన్నా. రెండున్నర నిమిషాలు పట్టిందట, అంటే నిమిషానికి 80 లీటర్లు. రోజుకు పది గంటలు నడిపితే 48 వేలు. వరి ఒక ఎకరం దాటనీయొద్దు, మిగిలిన చెలకల పల్లి పెట్టు నాయినా అని చెప్పా. సరే అన్నాడు గానీ, ఎకరంన్నరకు నారు పోసినట్టు తమ్ముడు చెబుతున్నాడు.