బోర్డు చదివేలోపు బస్సు పోయేది

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం కోసం రాస్తున్న జ్ఞాపకం ఇది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రాకపోయి ఉంటే నేను ఆ బడి ముఖం చూసేవాణ్నే కాదు. బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో బొంబాయిలో దిగిన లక్షా డెబ్బై వేల మందిలో మేమూ ఉన్నాం. ఆ ప్రయాణం కథ మా నాయన చెబితేనే బాగుంటుంది. నాకు గుర్తున్నదల్లా దాహం.

దసరా సెలవులయ్యాక ఆరో తరగతిలో చేరాను. టీసీ, మార్కుల కాగితాలు కువైట్‌లోనే ఉండిపోయాయి. హెడ్మాస్టరు గారు "అవి వచ్చినప్పుడు చూద్దాంలే" అని పేరు రాసుకున్నారు. పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి కడప నాకు పరాయి దేశమే. అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేవాణ్ని. ఇక్కడేమో లెక్కలతో సహా అన్నీ తెలుగులోనే. నోరు తెరిస్తే క్లాసంతా నవ్వేది. కొన్నాళ్లకు తెరవడమే మానేశాను.

తెలుగు అయ్యవారు సాయంత్రాలు పెద్ద బాలశిక్ష ముందేసుకుని గుణింతాలు దిద్దించేవారు. "బ్రౌన్ దొర 1820లో ఈ ఊరికొచ్చినప్పుడు ఆయన తెలుగూ అంతంతమాత్రమే. తర్వాత నిఘంటువే రాసినాడు. నీకేం రోగంరా?" అనేవారు. అక్షరాలైతే వచ్చాయి. వత్తుల దగ్గరే బండి ఆగింది.

దాన్ని కదిలించింది బస్టాండు. నా పక్క బెంచీవాడి నాయన అక్కడ బొరుగులు, శనక్కాయలు అమ్మేవాడు. బడి వదలగానే ఇద్దరం అక్కడే. బద్వేలు, రాయచోటి బోర్డులు తొందరగానే పట్టుబడ్డాయి. ప్రొద్దుటూరు ఉంది చూశారూ, మొదటి అక్షరానికే కింద ర వత్తు, పైన ఒత్వం, అది దాటితే ద కింద ఇంకో ద. నేను కూడబలుక్కునేలోపు బస్సు గేటు దాటిపోయేది.

చదువు రాని అవ్వలు వచ్చి "అబ్బీ, ఇది యాడికి పోతాది?" అని అడిగేవాళ్లు. మావాడు తెలిసినా చెప్పేవాడు కాదు, నావైపు చెయ్యి చూపించేవాడు. దొంగసచ్చినోడు! అవ్వ మూట నెత్తిన పెట్టుకుని నా మొహమే చూస్తుంటుంది, కండక్టరు రైట్ రైట్ అంటుంటాడు. ఆ టెన్షన్‌లో వచ్చినంత చదువు నాకు క్లాసులో రాలేదు. "జమ్మలమడుగు, అవ్వా" అంటే గబగబా ఎక్కేసేది. ఆమెకు కావాల్సింది బస్సు, నా యాసతో ఆమెకేం పని?

ఏడో తరగతికి వచ్చేసరికి బేరం తిరగబడింది. హిందీ పరీక్ష ముందు, నన్ను చూసి నవ్విన బ్యాచ్ అంతా మా ఇంటి అరుగు మీదే. పేర్లు రాయను, ఇది చదువుతున్న మీకే తెలుసు.

చాలా ఏళ్ల తర్వాత ఆ బొరుగులాయన కొడుకే డ్రైవరు వీసా మీద కువైట్ బయల్దేరాడు. వెళ్లేముందు ఇంటికొచ్చి అక్కడి అంకెలు నేర్పమన్నాడు. నోటుబుక్కులో రాసి చూపించాను: మన సున్నాలా ఉండేది అక్కడ ఐదు, ఉత్త చుక్క పెడితే సున్నా, మన ఏడులా కనబడేది ఆరు. వాడు బిత్తరపోయి చూశాడు. నేను పేపరు మీద చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కొక్కటే చూపిస్తూ చదివించాను, నిదానంగా చదివితే ఒప్పుకోలేదు. ఇప్పుడు అక్కడే ట్రక్కు తోలుతున్నాడు. ఈ సమ్మేళనానికి సెలవు అడిగితే సేఠు ఇవ్వలేదంట.